ఉద్యోగం చేస్తూ గ్రూప్-2: నా రోజుకు సరిపడే టైంటేబుల్ ఎలా వేసుకోవాలి?

మున్నేరు
ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శిని. వయసు 29. పాపకు నాలుగేళ్లు. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, అత్తమ్మ మా దగ్గరే ఉంటారు. తెలంగాణ గ్రూప్-2 కొట్టాలన్నది నా పట్టుదల. 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగిన పరీక్ష రాశాను. ఎకానమీ పేపరు సిలబస్ సగం కూడా చూడకుండా హాల్లో కూర్చున్నాను. ఆ రెండ్రోజులు పడ్డ బాధ మళ్లీ పడదల్చుకోలేదు.

చదివితే నాకు ఎక్కుతుంది. రోజే నా చేతిలో ఉండట్లేదు. ఈ ఏడాదిలో ఐదు టైంటేబుళ్లు వేసుకున్నాను. చివరిది తెల్లవారి 4 నుంచి 6, రాత్రి 9 నుంచి 11:30. తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు పాపకు జ్వరం, పదకొండో రోజు మండలంలో మీటింగు. పన్నెండో రోజు ఆ కాగితం వైపు చూడాలంటేనే మనసొప్పలేదు.

నా రోజు ఇది. 5:30కి లేస్తాను. 6:30కల్లా స్కూటీ మీద బయల్దేరతాను, ఊరు 14 కిలోమీటర్లు. పారిశుద్ధ్య కార్మికుల హాజరు, చెత్త ట్రాక్టరు పంపడం, ఫోటోలు యాప్‌లో ఎక్కించడం. ఆ తర్వాత ఆఫీసు. జనన మరణ ధ్రువీకరణలు, ఇంటి అనుమతులు, పన్ను వసూళ్లు, మొక్కల నర్సరీ, మధ్యలో ఎక్కడో పైపు పగిలిందని ఫోన్. ఇంటికొచ్చేసరికి ఒకరోజు 5:30, ఒకరోజు 8. జనవరి నుంచి మార్చి దాకా పన్నుల కాలం, అప్పుడు చెప్పనక్కర్లేదు.

రోజూ ఒకేలా ఉండే ఉద్యోగాలవాళ్ల టైంటేబుళ్లు యూట్యూబ్ నిండా ఉన్నాయి. నాలాంటి రోజు ఉన్నవాళ్లు ఎలా చదివారో తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.

తెల్లవారి_4
ఆదివారం, రాత్రి 10:52

సిస్టర్, మీరు తెల్లవారి 4 గంటల వేళ వదిలేయొద్దు. మా తాత బ్రాహ్మీ ముహూర్తం అనేవారు, నేను పదేళ్లుగా పాటిస్తున్నాను. ఆ టైంలో ఫోన్ రాదు, పాప లేవదు, ట్రాక్టరు కదలదు. మిగతా రోజంతా ఊరిది, ఆ రెండు గంటలు మాత్రం మీవి. జ్వరమొచ్చినా, మీటింగొచ్చినా 4కి లేవాల్సిందే అని ఒట్టు పెట్టుకోండి. 21 రోజులు గట్టిగా పడితే అలవాటైపోతుంది.

చిక్కడపల్లి_బల్ల
ఆదివారం, రాత్రి 11:30

అక్కా, నాకు ఉద్యోగం లేదు. మూడేళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము, చిక్కడపల్లి లైబ్రరీలో బల్ల. రోజంతా నాదే అయినా నా టైంటేబుల్ కూడా కూలింది. పద్నాలుగు గంటలు రాసుకునేవాణ్ణి, నిజంగా చదివేది ఆరు. పక్క బల్లమీద ఉన్నవాడు లేచేదాకా లేవకూడదని పంతం. పుస్తకం ముందు కూర్చున్న గంటల్ని లెక్కపెట్టుకుని తృప్తి పడేవాణ్ణి.

నన్ను మార్చింది ఒక సీనియర్ అన్న చెప్పిన మాట. "ముందు టైంటేబుల్ రాయకు. వారం రోజులు నీ రోజు ఎలా నడుస్తుందో అట్లాగే రాయి. ఏమీ మార్చకు." నేను రాశాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక 2 నుంచి 4 వరకు నేను చదివింది ఏదీ సాయంత్రానికి గుర్తుండట్లేదని ఆ కాగితం మీదే తెలిసింది. ఆ రెండు గంటల్ని తీసేసి బిట్లు చేయడానికి వాడాను.

మీరూ వారం రాయండి. అరగంటకో గీత, ఏం చేశారో రెండు మాటలు. ఆ కాగితం ఇక్కడ పెట్టండి, దాన్ని చూసి మాట్లాడదాం. ఇప్పుడు మేమేం చెప్పినా మా రోజుకు సరిపోయేదే చెప్తాం.

జగిత్యాల_డిపో
సోమవారం, ఉదయం 6:05

చెల్లే, నేను ఆర్టీసీల కండక్టర్‌ని. మాకు డ్యూటీ చార్టు ఉంటది. ఒకరోజు పొద్దుగాల 5 గంటల బండి, ఇంకోరోజు నైట్ హాల్ట్ అని ఏదో ఊళ్లె పండుడు. గడియారం పట్టుకొని చదువుదామంటే నాకు జన్మల అయితుండె కాదు. ఇంటర్ల ఆపేసిన చదువును నలభై రెండేండ్లకు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీల బీఏ కట్టి పూర్తిచేసిన. ఎట్ల చేసిన్నో చెప్త.

గడియారాన్ని ఇడిచిపెట్టి పనిని పట్టుకున్న. ఏ డ్యూటీ అయినా, ఆఖరి ట్రిప్పు అయినంక డిపోల క్యాష్ కడ్తం. క్యాష్ కట్టి రసీదు జేబుల పెట్టుకున్న ఎంబడే, ఇంటికి పోకముందే, రెస్టు రూముల ముప్పావు గంట కూసుంటుండె. క్యాష్ కట్టుడు మధ్యాహ్నం 2కు కావచ్చు, రాత్రి 10కి కావచ్చు. టైము మారుతది కని క్యాష్ కట్టుడు అయితె రోజూ ఉంటది. నైట్ హాల్ట్ ఉన్నప్పుడు బండి ఆపి మొఖం కడుక్కున్నంక.

నీ రోజుల కూడ అట్ల రోజూ తప్పకుండ జరిగేది ఏదో ఒకటి ఉంటది. దానికి కట్టెయ్యి చదువును. బర్రెను గుంజకు కట్టినట్టు.

ఇంకోటి, స్కూటీ మీద పోతున్నప్పుడు చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాఠాలు వినుమని ఎవలన్న చెప్తరు. వినకు. రోడ్డు మీద రోజూ చూస్తున్న, అది మంచిది కాదు.

రాత్రిడ్యూటీ
సోమవారం, మధ్యాహ్నం 3:40

గుంటూరులో స్టాఫ్ నర్సును. కండక్టర్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మాకు మార్నింగ్, ఆఫ్టర్‌నూన్, నైట్ మారుతుంటాయి. డ్యూటీ అప్పగించి గౌను మార్చుకోవడమే నాకు గుంజ.

కానీ నేను రాసేది నిద్ర గురించి. 11:30కి పడుకుని 4కి లేస్తే నాలుగున్నర గంటలు. అక్కా, తొమ్మిదో రోజున మీరు ఆగిపోయింది పట్టుదల లేక కాదు, ఒళ్లు మొరాయించింది. పెద్దవాళ్లకు ఏడు గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది కూడా నిద్రలోనే. నిద్ర తగ్గించి చదవడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. పైగా మీరు తెల్లారే స్కూటీ నడపాలి, 14 కిలోమీటర్లు.

సాయంత్రం 4 దాటాక టీ, కాఫీ మానేయండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 8కి తాగిన కాఫీ, పక్క మీద వాలే వేళకు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

తెల్లవారి_4 గారూ, మీరు 4కి లేస్తున్నారు సరే, పడుకునేది ఎన్నింటికి?

తెల్లవారి_4
సోమవారం, సాయంత్రం 6:15

8:45కి. ఇంట్లో నేనూ మా అమ్మే. చిన్నపిల్లలు లేరు. ఈ సంగతి ముందే చెప్పాల్సింది, చెప్పకపోవడం నా తప్పు.

లెక్కల_మాస్టారు
సోమవారం, రాత్రి 8:10

అమ్మాయ్ మున్నేరూ, నేను తెనాలి వైపు ముప్పయ్యేళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాస్త పెద్దగానే రాస్తాను, తీరిక చేసుకుని చదువు.

మొదటిది ఆ 21 రోజుల మాట. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి అది పాకింది. ఆపరేషన్ అయిన రోగులు కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. "కనీసం" అన్నది దారిలో రాలిపోయింది. నిజంగా కొలిచి చూసినవాళ్లు లండన్ యూనివర్సిటీ కాలేజీవాళ్లు. 2010లో అచ్చయిన ఆ పరిశోధనలో 96 మంది తలా ఒక చిన్న అలవాటు పట్టుకున్నారు. అది తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులు అని లెక్కగట్టారు. నీకు పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది అందులో. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడానికి చెప్పుకోదగ్గ నష్టం కనపడలేదు. పాపకు జ్వరం వచ్చిన పదో రోజు నిన్ను ఓడించలేదమ్మా. పన్నెండో రోజు ఆ కాగితం చూడకపోవడమే దెబ్బ తీసింది.

రెండోది. దినచర్య పేరెత్తితే అందరూ బెంజమిన్ ఫ్రాంక్లిన్ పట్టిక చూపిస్తారు. ఆయన ఆత్మకథలో ఉంది, 5కి లేవడం, 10కి పడుకోవడం, పొద్దున్నే ఈ రోజు ఏం మంచి చేయాలని తనను తాను అడుక్కోవడం. ఆ పక్కనే ఆయన ఏం రాశాడో మాత్రం ఎవరూ చూపించరు. తాను పెట్టుకున్న గుణాలన్నిట్లో క్రమబద్ధతే తనను ఎక్కువ ఏడిపించిందన్నాడు. తన వేళలు తన చేతిలో ఉండే ప్రెస్సు పనివాడికి అలాంటి పట్టిక సాధ్యమే కానీ, నలుగురితో వ్యవహారం ఉండి, వాళ్లు వచ్చిన వేళకు వాళ్లతో మాట్లాడాల్సిన యజమానికి అది అక్షరాలా నడవదని ఒప్పుకున్నాడు. ఊళ్లో ఎవరికి ఏ కాగితం కావలసినా వచ్చేది నీ దగ్గరికే కదా. నువ్వు ఆ రెండో రకం. ఫ్రాంక్లిన్‌కి నడవనిది నీకు నడవలేదని కుమిలిపోకు.

మూడోది, నేను క్లాసులో రోజూ చూసింది. పిల్లలు ఎక్కం పది సార్లు చదువుతారు, పుస్తకం మూస్తే రాదు. రెండుసార్లు చదివి, మూసి, ఒప్పజెప్పినవాడికి వస్తుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికాలో దీన్నే పరీక్షించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చదివాక పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. నీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత లేదు కదా!

అంచేత గంటలు లెక్కపెట్టడం మానేయి. పుస్తకం మూశాక ఎన్ని చెప్పగలిగావో అది లెక్కపెట్టు. పోస్టుకార్డు సగానికి కత్తిరించి, ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు. మూడు డబ్బాలు పెట్టుకో. మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. చెప్పగలిగిన కార్డు తర్వాతి డబ్బాకి వెళ్తుంది, తప్పిన కార్డు మొదటి డబ్బాకే తిరిగొస్తుంది. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫోన్ యాప్‌లు కూడా ఉన్నాయట. నేను మాత్రం కాగితమే అంటాను, ఫోన్ తెరిస్తే చేయి వేరే చోటికి పోతుంది.

మున్నేరు
సోమవారం, రాత్రి 9:50

మాస్టారూ, మీరు రాసింది మా అత్తమ్మకు చదివి వినిపించాను. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రేపటి నుంచి వారం రాస్తాను. ఏమీ మార్చను.

మున్నేరు
తర్వాతి మంగళవారం, రాత్రి 9:15

వారం రాశాను. చూసుకుంటే నాకే కళ్లు తెరుచుకున్నాయి.

ట్రాక్టరు కదిలి, ఫోటోలు ఎక్కించేసరికి 8:15. ఆఫీసుకు జనం రావడం మొదలయ్యేది 10:30కి. ఆ మధ్యలో టిఫిను తిని, ఊళ్లో ఒక చుట్టు తిరిగి వచ్చినా ఆరు రోజుల్లో నాలుగు రోజులు నాకు గంట ఖాళీ దొరికింది. ఇన్నాళ్లూ ఆ గంట ఎటు పోయిందో తెలియదు.

రాత్రి 9 నుంచి 11 దాకా మూడు రోజులు కూర్చున్నాను. మాస్టారు చెప్పినట్టు పుస్తకం మూసి రాసి చూశాను. రెండు గంటలకు అర పేజీ రాలేదు. ఒకరోజు ఆంధ్ర, తెలంగాణ నాయకుల పెద్దమనుషుల ఒప్పందం తేదీ కూడా తట్టలేదు, అది నాకు నోటికొచ్చిన తేదీ, 1956 ఫిబ్రవరి 20. నర్సు చెల్లి చెప్పింది నిజమే, ఆ వేళకు నేను అయిపోయి ఉంటున్నాను.

అన్నిటికన్నా బాధ పెట్టింది ఇది. టెలిగ్రామ్‌లో ప్రిపరేషన్ గ్రూపులు పదకొండు ఉన్నాయి నాకు. రోజుకు సగటున 70 నిమిషాలు వాటిలో పోతోంది. పీడీఎఫ్‌లు దించుకోవడం, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందన్న చర్చలు చదవడం. అదంతా ప్రిపరేషన్ ఖాతాలోనే వేసుకుంటున్నాను ఇన్నాళ్లూ. దించిన పీడీఎఫ్‌లు 340. తెరిచి చదివినవి ఎన్నో చెప్పలేను.

ఈ రాత్రి తొమ్మిది గ్రూపుల నుంచి బయటికొచ్చాను.

చిక్కడపల్లి_బల్ల
మంగళవారం, రాత్రి 10:05

అక్కా, ఇదీ అసలు టైంటేబుల్‌కు పునాది. ఇప్పుడు ఏ ముక్కలో ఏ సబ్జెక్టు అన్నది చూద్దాం. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. అంటే ప్రశ్నకు నిమిషం. మొత్తం 600.

మిమ్మల్ని కిందటిసారి దెబ్బకొట్టింది ఎకానమీ. కొత్తగా అర్థం చేసుకోవాల్సింది అది. దానికి మెదడు తాజాగా ఉన్న ముక్క ఇవ్వండి, తెల్లవారుజామున. ఆఫీసులో 8:20 నుంచి గంటకు పాలిటీ. ఎందుకంటే మీరు రోజూ పాలిటీలోనే బతుకుతున్నారు. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1992, అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24. పదకొండో షెడ్యూలు, 29 అంశాలు. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957, రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ మొదలైంది 1959 అక్టోబరు 2. 2018 నాటి మన పంచాయతీరాజ్ చట్టం మీ బల్ల సొరుగులోనే ఉండి ఉంటుంది. మాలాంటివాళ్లం బట్టీపట్టే సెక్షన్ల మీద మీరు రోజూ సంతకాలు పెడుతున్నారు. గ్రామసభ జరిపిన రోజు సాయంత్రం గ్రామసభ మీద నాలుగు కార్డులు రాసుకోండి. మర్చిపోమన్నా మర్చిపోలేరు.

తెలంగాణ ఉద్యమ చరిత్ర కార్డులకు బాగా ఒదుగుతుంది. 1948 నుంచి 1970, 1971 నుంచి 1990, 1991 నుంచి 2014, మూడు దశలు, మూడు రంగుల కార్డులు. ఆరు సూత్రాల పథకం 1973, 610 జీవో 1985 డిసెంబరు 30, ఇలా.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ గంట డ్యూటీ వేళలోకి రాదు కదా?

మున్నేరు
మంగళవారం, రాత్రి 10:20

అడిగినందుకు సంతోషం తమ్ముడూ. నేనూ అదే ఆలోచించాను. పొద్దున 7కి పని మొదలుపెడతాను, అది టిఫిను, విశ్రాంతి వేళ. ఎవరైనా వస్తే పుస్తకం మూసేస్తాను. అందుకే వారానికి నాలుగు రోజులే లెక్కలో వేసుకుంటున్నాను, ఆరు కాదు. ఊరి పని చెడగొట్టుకుని చదివితే ఆ చదువు నాకు నిలవదు.

సీతాఫలం
బుధవారం, మధ్యాహ్నం 1:30

రాజమండ్రి నుంచి. ఇద్దరు పిల్లలు, డీఎస్సీకి చదువుతున్నాను. అందరూ మంచి మాటలు చెప్పారు, ఒక్కటి ఎవరూ ఎత్తలేదు. తెల్లవారుజామున లేచిన ఆడమనిషికి పుస్తకం కంటే ముందు గిన్నెలు కనపడతాయి. నేను 5కి లేచి చదువుదామని వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగితే, పప్పు నానబెట్టడం, పాలు కాయడం, బాక్సుల పని మొదలై 6:30 అయ్యేది. ఏడాది పోయింది నాకు అలా.

చివరికి ఆదివారం మధ్యాహ్నం అందరం కూర్చున్నప్పుడు కాగితం మీద ఇంటి పనులన్నీ రాసి మా ఆయన ముందు పెట్టాను. గొడవేమీ లేదు, చూపించానంతే. పొద్దుటి పాలు, టీ, పిల్లల్ని లేపడం ఆయన తీసుకున్నారు. కూరగాయలు రాత్రే తరిగి పెట్టుకుంటున్నాను. మంచినీళ్ల సీసా కూడా పడుకునేముందే చదువుకునే చోట పెట్టుకుంటాను, వంటింట్లో అడుగు పెట్టే పనే లేకుండా.

మీ టైంటేబుల్ మీ ఒక్కరి పేరు మీద ఉంటే నిలవదు అక్కా. ఇంట్లో ఎవరు ఏం చేస్తారో కూడా అందులో ఉండాలి. అత్తగారిని, ఆయన్నీ కూర్చోబెట్టి అడగండి. అడగకుండా వాళ్లే అర్థం చేసుకోవాలని నేను ఎదురుచూశాను, అది జరగలేదు.

జగిత్యాల_డిపో
బుధవారం, రాత్రి 9:00

సీతాఫలం అమ్మ చెప్పింది చదివినంక నా ఇల్లు యాదికొచ్చింది. నేను డిగ్రీ చదివిన మూడేండ్లు మా ఇంట్లామె ఎంత మోసిందో ఇప్పుడు రాసుకుంటె తెలుస్తుంది. ఆమెకు ఈ ముచ్చట ఎన్నడూ చెప్పలే. ఈరోజు చెప్త.

చెల్లే, ఒక్కటి కలుపుకో. మా చార్టుల స్పేర్ బస్సు అని ఉంటది. బండి ఖరాబైతె దాని జాగల పోతది. నీ రోజుకు కూడ ఒక స్పేర్ రోజు రాసిపెట్టుకో. అన్నీ చెడిన రోజు ఏం చెయ్యాల్నో ముందే తెల్వాలె. ఆ రోజు పొద్దున ఆలోచిస్తె ఏం తోచది.

మున్నేరు
ఆదివారం, రాత్రి 8:40

నిన్న, ఈరోజు కూర్చుని వేసుకున్నది ఇది. తప్పులుంటే చెప్పండి.

రాత్రి 9:45కి పడక. తెల్లవారి 4:50కి లేవడం. అంటే ఏడు గంటల ఐదు నిమిషాలు. 4:50 నుంచి 6 దాకా ఎకానమీ, వారంలో ఆరు రోజులు. చివరి పది నిమిషాలు పుస్తకం మూసి రాయడం.

ట్రాక్టరు వెళ్లాక గంట పాలిటీ, వారానికి నాలుగు రోజులు. ఇది గడియారానికి కట్టలేదు, ట్రాక్టరుకు కట్టాను. చివరి ఫోటో ఎక్కించి ఫోన్ బ్యాగులో పెట్టగానే పుస్తకం.

రాత్రి పాప పడుకున్నాక పావుగంట కార్డులు, రోజూ. కొత్తది ఏదీ చదవను.

ఆదివారం 3 గంటలు. ముందు 50 నిమిషాల్లో 50 ప్రశ్నలు, తర్వాత తప్పుల మీద కూర్చోవడం, చివర కరెంట్ అఫైర్స్.

మొత్తం వారానికి పదిహేనుముప్పావు గంటలు. పాత టైంటేబుల్‌లో 31కి పైనే రాసుకున్నాను. ఈ అంకె చూస్తే మొదట గుండె జారింది. కానీ ఆ 31 కాగితం మీదే ఉంది.

స్పేర్ రోజు: మీటింగని ఫోన్ వస్తే, హాల్లో ఎదురుచూసేటప్పుడు 20 కార్డులు. పాపకు బాగోకపోతే 10 కార్డులు, అంతే, ఆ రోజుకు చదువు పూర్తయినట్టే లెక్క. కార్డుల కట్ట రబ్బరు బ్యాండు వేసి బ్యాగులోనే ఉంటుంది.

ఇంట్లో అడిగాను. పొద్దుటి టీ, పాప పాలు అత్తమ్మ తీసుకున్నారు. మా ఆయన పాపను తయారుచేసి స్కూలుకు దింపుతానన్నారు. "ఇన్నాళ్లూ అడగలేదేం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తెల్లవారి_4
ఆదివారం, రాత్రి 9:05

చాలా బాగుంది సిస్టర్. నేను మొదట రాసిన "జ్వరమొచ్చినా లేవాల్సిందే" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా పేరు మాత్రం మార్చుకోను, తెల్లవారి 4 గంటల వేళ నాకు సరిపోయింది. ఒక చిన్న సూచన. అలారం ఫోన్ పక్క గదిలో పెట్టండి. లేచి నడిస్తే గానీ ఆగకూడదు.

లెక్కల_మాస్టారు
ఆదివారం, రాత్రి 9:30

బాగా వేశావమ్మా. ఒక్క దిద్దుబాటు. ఆదివారం 50 ప్రశ్నల్లో వచ్చిన మార్కు గోడ మీద క్యాలెండర్ గడిలో రాయి. గంటలు రాయకు. నాలుగు వారాలకోసారి టైంటేబుల్ మార్చడానికి ఒక ఆదివారం పెట్టుకో, మధ్యలో మాత్రం మార్చకు. కొత్త టైంటేబుల్ వేసుకోవడంలో ఒక ఆనందం ఉంటుంది, చదివినంత ఆనందం. నా శిష్యులు చాలామంది రంగు పెన్నులతో టైంటేబుళ్లు వేస్తూ ఎండాకాలం గడిపేశారు.

మున్నేరు
ఏడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:10

ఎలా ఉందో చెప్తానని మాటిచ్చాను.

ఏడు వారాల్లో తెల్లవారి కూర్చోవాల్సినవి 42 రోజులు. 33 కూర్చున్నాను. ట్రాక్టరు గంట మూడో వారంలో అసలు దొరకలేదు, ఊళ్లో మంచినీళ్ల మోటారు కాలిపోయింది. స్పేర్ రోజులు ఆరు వాడాను. ఒకరోజు మాత్రం ఏమీ చేయలేదు, మా నాన్నకు ఒంట్లో బాగోలేక వరంగల్ వెళ్లాను. మర్నాడు కార్డుల కట్ట తీయగలిగాను. పాత టైంటేబుల్‌తో అది జరిగేది కాదు.

ఆదివారం మార్కులు: 19, 22, 21, 26, 24, 29, 31. యాభైకి. ఎకానమీలో ద్రవ్యోల్బణం, బడ్జెట్ లోటులు ఇప్పుడు ఎవరు అడిగినా చెప్పగలను. తెలంగాణ ఎకానమీ ఇంకా మొదలుపెట్టలేదు.

నాలుగో వారం తర్వాత ఒక మార్పు చేశాను. రాత్రి పావుగంట కార్డులు ఒంటరిగా తీస్తే నిద్ర వచ్చేది. అత్తమ్మకు తెలుగు చదవడం వచ్చు. ఇప్పుడు ఆవిడ కార్డు పట్టుకుని ప్రశ్న చదువుతారు, నేను చెప్తాను. తప్పు చెప్తే కార్డు తిప్పి జవాబు చదివి మొదటి డబ్బాలో వేస్తారు. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు 1919 అని ఇప్పుడు ఆవిడకే ముందు గుర్తొస్తోంది.

ఇప్పుడు నా భయం మార్చి. ఇంటి పన్నుల నెల. పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా ఊళ్లోనే ఉంటాను. ఈ టైంటేబుల్ ఆ నెలలో నిలవదు. ఏం చేయాలి?

రాత్రిడ్యూటీ
ఆదివారం, సాయంత్రం 6:00

నెల మొత్తాన్ని స్పేర్ రోజుగా రాసేయండి అక్కా. మా వార్డులో డెంగీ కేసులు ఎక్కువగా వచ్చే నెలల్లో నేను అదే చేస్తాను. కొత్త పాఠం ఒక్కటీ పెట్టుకోను. కార్డులు, నిద్ర, ఆదివారం పరీక్ష. ఏప్రిల్ 1కి ఎక్కడ ఆపారో అక్కడ అందుకుంటారు. ఇప్పుడే క్యాలెండర్‌లో మార్చి మీద అడ్డంగా గీత కొట్టండి, అప్పుడు అది ఓటమిలా కనపడదు.

చిక్కడపల్లి_బల్ల
ఆదివారం, సాయంత్రం 6:25

అవును అక్కా. ఫిబ్రవరి చివరికల్లా మీ దగ్గర 400 కార్డులుంటే మార్చికి చాలు. పన్నుల మీద, పంచాయతీ ఆదాయ వనరుల మీద కార్డులు ఆ నెలలోనే రాయండి.

మున్నేరు
ఆదివారం, రాత్రి 9:20

గీత కొట్టాను. కార్డులు ఇప్పటికి 286. అత్తమ్మకు చెప్తే, మార్చిలో నేను ఎంత రాత్రి వచ్చినా ఆ పావుగంట మేలుకుని ఉంటానన్నారు. వద్దు, నేను వచ్చేసరికి పడుకోండి, పొద్దున టీ దగ్గర అడగండి అన్నాను. అలా కుదిరింది.